కుక్కల తిండి బొమ్మలు

పెంపుడు కుక్కకు పెట్టే తిండిని గిన్నెలో ఒక్కసారే కుమ్మరించకుండా, అది మూతితో తోసి, పంజాతో దొర్లించి, నాలుకతో నాకి కొంచెం కొంచెంగా రాబట్టుకునేలా తయారుచేసిన వస్తువులను తిండి బొమ్మలు అంటారు. లోపల బోలుగా ఉండే రబ్బరు బొమ్మలు, దొర్లితే గింజలు రాల్చే బంతులు, మూతలూ అరలూ ఉన్న పలకలు, నాకుడు చాపలు, వాసన చాపలు, కరెంటుతో పనిచేసే యంత్రాలు అన్నీ ఈ కోవలోవే. దుకాణాల్లో ట్రీట్ టాయ్, పజిల్ ఫీడర్, స్లో ఫీడర్ అని రకరకాల పేర్లతో అమ్ముతారు. నిమిషంలో ముగిసే భోజనాన్ని పావుగంటకో అరగంటకో సాగదీయడం వీటన్నిటి పని.

ఆకలి మీదున్న లాబ్రడార్ ముందు గిన్నెడు పెడిగ్రీ గింజలు పెడితే చూస్తుండగానే అడుగు నాకేస్తుంది. మిగిలిన రోజంతా దానికి పనేమీ ఉండదు. ఊళ్ళో తిరిగే కుక్క సంగతి అలా కాదు. తెల్లారింది మొదలు టీ కొట్టు దగ్గర, మాంసం దుకాణం వెనక, చెత్తకుప్పల మీద వాసన పట్టుకుంటూ పదిచోట్ల పది ముద్దలు ఏరుకుంటుంది. తిండి వెతుక్కోవడంలోనే దాని రోజు గడుస్తుంది. ఫ్లాటులో పెరిగే కుక్కకు తిండి అమరింది గానీ ఆ వెతుకులాట పోయింది. ఆ లోటు సోఫాలోని దూది పీకడంగానో, గుమ్మం దగ్గరి చెప్పులు కొరకడంగానో, ఆగని మొరుగుడుగానో బయటపడుతుంది. పోయిన ఆ పనిని కొంతవరకైనా తిరిగి ఇవ్వడానికి పుట్టినవే ఈ బొమ్మలు. కాబట్టి వీటిని చిరుతిండి పెట్టే ఆటవస్తువులుగా కాక, రోజువారీ భోజనం పెట్టే పద్ధతిగా చూడాలి. చాలామంది కొనుగోలుదారులు పొరబడేది ఇక్కడే.

జంతుశాల నుంచి ఇంటికి

బోనులో ఉన్న జంతువుకు తిండి ఒక్కటే చాలదని, చేయడానికి ఏదో ఒక పని ఉండాలని అమెరికా ప్రైమేట్ శాస్త్రవేత్త రాబర్ట్ యర్క్స్ 1925లోనే రాశాడు. అది ఆచరణలోకి రావడానికి అర్ధ శతాబ్దం పట్టింది. 1970లలో పోర్ట్‌లాండ్ జంతుశాలలో హాల్ మార్కోవిట్జ్ గిబ్బన్ కోతుల బోనులో మీటలు అమర్చాడు. కోతి మీట లాగి, బోను అవతలి కొసకు ఊగుకుంటూ వెళ్తే అక్కడ తిండి పడేది. అప్పటిదాకా మూల కూర్చున్న కోతులు చురుగ్గా కదలడం మొదలుపెట్టాయి. తన అనుభవాలను ఆయన 1982లో పుస్తకంగా తెచ్చాడు. జంతువుల పరిసరాలను ఇలా పనితో, వెతుకులాటతో నింపడాన్ని ఇప్పుడు ఎన్‌రిచ్‌మెంట్ అంటున్నారు. జంతుశాలల్లో పులికి మాంసం చెట్టుకు వేలాడదీయడం, ఎలుగుబంటికి పండ్లను మంచుగడ్డలో గడ్డకట్టించి ఇవ్వడం ఈ ఆలోచనలోంచి వచ్చినవే. ఇళ్ళలోని కుక్కలకూ అదే సూత్రం వర్తిస్తుందని తర్వాత గుర్తించారు.

అయితే అన్నిటికంటే పేరున్న తిండి బొమ్మ ఏ శాస్త్రవేత్త బల్ల మీదా పుట్టలేదు. అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో జో మార్కమ్ అనే ఆయన దగ్గర ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డ్ ఉండేది. పోలీసు ఉద్యోగం నుంచి విశ్రాంతి తీసుకున్న కుక్క అది. ఊరుకోలేక రాళ్ళు కొరికి పళ్ళు అరగదీసుకునేది. మార్కమ్ ఒకరోజు తన ఫోక్స్‌వాగన్ వ్యాను బాగుచేసుకుంటూ, దాని దృష్టి మళ్ళించడానికి పాత విడిభాగాలు ఒక్కొక్కటే విసిరాడు. సస్పెన్షన్‌లోని రబ్బరు ముక్క ఒకటి ఫ్రిట్జ్‌కు తెగ నచ్చింది. ఆ ఆకారాన్ని సవరించి, గట్టి రబ్బరుతో పోతపోయించి 1976లో కంపెనీ పెట్టాడు. చూసినవాళ్ళెవరో, ఇది కింగ్‌కాంగ్ చెవిలో పెట్టుకునే బిరడాలా ఉందన్నారట. అలా దానికి కాంగ్ అన్న పేరు స్థిరపడింది.

రబ్బరు బొమ్మ పనితనం

కాంగ్ ఆకారం ఒకదాని మీద ఒకటి పేర్చిన మూడు ఉండలు. అడుగు ఉండ పెద్దది, పైది చిన్నది. అడుగున వెడల్పాటి రంధ్రం, కొసన సన్నటి రంధ్రం ఉంటాయి. ఈ ఆకారం వల్ల నేల మీద పడ్డప్పుడు ఎటు ఎగురుతుందో చెప్పలేం. పారిపోయే ఎలుకను తరిమే కుక్కకు అది నచ్చకుండా ఎలా ఉంటుంది? కొరకడానికీ ఎగరేయడానికీ తయారైన ఈ బొమ్మ బోలులో తిండి కూరవచ్చన్న సంగతిని శిక్షకులు, పశువైద్యులు బాగా ప్రచారంలోకి తెచ్చారు. కుక్కపిల్లకు గిన్నె పక్కన పెట్టేసి, రోజు తిండి మొత్తాన్ని శిక్షణలో చేతితోనూ, బోలు బొమ్మల్లోనూ పెట్టమని గట్టిగా వాదించినవారిలో పశువైద్యుడు ఇయాన్ డన్‌బార్ ముఖ్యుడు.

కొత్తగా బొమ్మ అందుకున్న కుక్కను గమనిస్తే విషయం తెలుస్తుంది. మొదట వాసన చూస్తుంది, అంచున అంటుకున్న పెరుగు నాకుతుంది. నాలుక అందినంత మేర అయిపోయాక మూతితో తోస్తుంది, బొమ్మ జారిపోతుంది. వెంటపడి ముందరి పంజాతో అదిమిపెట్టి, తల ఒక పక్కకు వంచి మళ్ళీ నాకుతుంది. కొన్నాళ్ళకు కొన్ని కుక్కలు దాన్ని నోట కరుచుకుని మంచమెక్కి కిందికి వదలడం నేర్చుకుంటాయి. పడ్డ దెబ్బకు లోపలి గింజలు రాలతాయి. ఈ కిటుకు ఎవరూ నేర్పరు.

రబ్బరు మెత్తదనం, గట్టిదనాన్ని బట్టి రంగులు వేరు. పిల్లల పళ్ళకు మెత్తటిది, మామూలు కుక్కలకు ఎరుపు, దవడ బలం ఎక్కువున్నవాటికి నలుపు, ముసలి కుక్కలకు ఊదా రంగుది. ఇదే తరహాలో అమెరికాలోని మోంటానా నుంచి వెస్ట్ పా కంపెనీ టాపుల్ అనే గిన్నె ఆకారపు బొమ్మను తెచ్చింది. మూతి పొట్టిగా ఉండే పగ్ లాంటి జాతులకు నోరు వెడల్పున్న ఇలాంటివే మేలు. కాంగ్ లోతు వాటి నాలుకకు అందదు.

దొర్లేవి, తెరిచేవి, నాకేవి

దొర్లే రకంలో డెన్మార్క్ క్రూసె కంపెనీవారి బస్టర్ క్యూబ్ పాతది. చతురస్రపు ప్లాస్టిక్ డబ్బా లోపల గదులుంటాయి, మధ్యలో గొట్టం ఉంటుంది. గొట్టాన్ని తిప్పి గింజలు తొందరగా రావాలో ఆలస్యంగా రావాలో సరిచేయవచ్చు. అడుగు బరువుగా ఉండి, తోస్తే ఊగి మళ్ళీ నిలబడే కాంగ్ వాబ్లర్ లాంటివి తర్వాత వచ్చాయి. అన్నిటికీ పొడి గింజలే సరిపోతాయి. అన్నం ముద్ద పెడితే లోపలే అతుక్కుపోతుంది.

పలకల రకానికి పేరు తెచ్చింది స్వీడన్‌కు చెందిన నీనా ఒట్టోసన్. 1990ల తొలినాళ్ళ నుంచి ఆమె చెక్కతో కుక్కల పజిళ్ళు తయారుచేసింది. కుక్క మూతితో బిళ్ళను పక్కకు జరపాలి, పిడిని పంటితో పట్టి ఎత్తాలి, గుండ్రటి అంతస్తును పంజాతో తిప్పాలి. అప్పుడు కింద గుంటలోని తిండి కనిపిస్తుంది. కష్టాన్ని బట్టి వీటిని స్థాయిలుగా విభజించారు. ఇప్పుడు ప్లాస్టిక్‌తో అమెరికన్ కంపెనీ ఔట్‌వర్డ్ హౌండ్ ద్వారా ప్రపంచమంతా దొరుకుతున్నాయి. చూడ్డానికి తెలివితేటల పరీక్షలా ఉంటాయి గానీ వీటికి ఒక పరిమితి ఉంది. గుట్టు తెలిశాక చురుకైన కుక్క ఖాళీ చేయడానికి ఎంతోసేపు పట్టదు. అప్పుడది ఖరీదైన గిన్నె అవుతుంది, అంతే.

నాకుడు చాపల మీద సన్నటి గాళ్ళు, బుడిపెలు ఉంటాయి. పెరుగో గుమ్మడి గుజ్జో పూస్తే కుక్క నాలుకతో ఒక్కో గాడినీ తుడుచుకుంటూ పోతుంది. ఆస్ట్రేలియావారి లిక్కిమ్యాట్ ఈ రకంలో ప్రసిద్ధం. నాకుతూ ఉండటం కుక్కను నెమ్మదింపజేస్తుందని శిక్షకుల అనుభవం. స్నానం చేయించేటప్పుడు, గోళ్ళు కత్తిరించేటప్పుడు గోడకు అతికించి ఇస్తుంటారు. వాసన చాప ఇంకా సులువు. రంధ్రాల రబ్బరు చాపకు మెత్తటి బట్ట పేలికలు దట్టంగా ముడివేసి, వాటి మధ్య గింజలు చల్లుతారు. మనిషి ముక్కులో వాసన గ్రాహకాలు లక్షల్లో ఉంటే కుక్క ముక్కులో కోట్లలో ఉంటాయి. కంటికి పనిలేకుండా ముక్కుకే పని పెట్టే ఈ చాప మిగతా బొమ్మలన్నిటికంటే కుక్క స్వభావానికి దగ్గరగా ఉందని చెప్పాలి.

యంత్రాల్లో క్లెవర్‌పెట్ ఆసక్తికరమైనది. అమెరికాలోని శాన్ డియాగోలో మెదడు శాస్త్రం చదువుకున్నవాళ్ళు రూపొందించారు. మూడు మీటల మీద దీపాలు వెలుగుతాయి. సరైనదాన్ని సరైన వరుసలో నొక్కితే గింజలు వస్తాయి. కుక్క నేర్చుకునేకొద్దీ ఆట కష్టమవుతుంది. ఫోనులోంచి చూస్తూ ట్రీట్ విసిరే కెమెరాలు కూడా వచ్చాయి. అవి కుక్కకు కల్పించే పనికంటే యజమానికి కలిగించే ఊరటే ఎక్కువ.

కష్టపడి తినడం కుక్కకు ఇష్టమేనా

1963లో గ్లెన్ జెన్సెన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 200 ఎలుకలతో ఒక ప్రయోగం చేశాడు. ఒక పక్క గిన్నెలో తిండి సిద్ధంగా ఉంది, మరో పక్క మీట నొక్కితే అదే తిండి వస్తుంది. ఊరికే దొరుకుతున్నా చాలా ఎలుకలు మీట దగ్గరికే వెళ్ళాయి. తర్వాత పావురాలు, కోతులు వంటి ఎన్నో జీవుల్లో ఇదే ధోరణి కనిపించింది. తిండి బొమ్మల ప్రకటనలు ఈ ప్రయోగాన్ని ఆధారంగా చూపడం మామూలైపోయింది.

కుక్కల దగ్గరికి వచ్చేసరికి కథ అంత సూటిగా లేదు. 2024లో న్యూయార్క్‌లోని హంటర్ కాలేజీ పరిశోధకులు 38 పెంపుడు కుక్కలను వాటి ఇళ్ళలోనే పరీక్షించారు. ఒక పళ్ళెంలో తిండి, పక్కనే వాసన చాపలో తిండి పెట్టారు. కుక్కలు చాపలో వెతకడానికి వెనకాడలేదు గానీ, పళ్ళేన్ని కాదని దాన్ని ఎంచుకున్నదీ లేదు. పిల్లుల మీద 2021లో కాలిఫోర్నియాలో జరిగిన అధ్యయనంలో అవి ఊరికే దొరికే తిండివైపే స్పష్టంగా మొగ్గాయి. కాబట్టి కుక్క కష్టపడటాన్నే కోరుకుంటుందని చెప్పడం అతిశయోక్తి. అవకాశమిస్తే కష్టపడటానికి అభ్యంతరం లేదన్నంతవరకే నిజం.

అయితే కోరుకోవడం వేరు, దానివల్ల మేలు కలగడం వేరు. స్వీడన్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో 12 బీగిల్ కుక్కలతో చేసిన ప్రయోగ ఫలితాలు 2014లో వెలువడ్డాయి. తమ పని వల్లే బహుమతి వచ్చినప్పుడు కుక్కలు ఎక్కువ తోక ఊపాయి, ఉత్సాహంగా కదిలాయి. పనితో సంబంధం లేకుండా అదే బహుమతి అందినప్పుడు ఆ హుషారు తగ్గింది. 2008లో నెదర్లాండ్స్ పరిశోధకులు బోనుల్లో ఉండే కుక్కలకు తిండి నింపిన కాంగ్ ఇచ్చి చూశారు. వాటి చురుకుదనం పెరిగింది, మొరుగుడు తగ్గింది. వాసనతో వెతికే ఆటను కొన్నాళ్ళు ఆడిన కుక్కలు కొత్త సందర్భాన్ని ఆశాభావంతో ఎదుర్కొన్నాయని, యజమాని పక్కన క్రమంగా నడవడం నేర్చినవాటిలో ఆ మార్పు రాలేదని 2019లో షార్లొట్ డ్యురాంటన్, అలెగ్జాండ్రా హోరోవిట్జ్ చూపారు.

పని మరీ కష్టమైతే మాత్రం కుక్క మనవైపు చూస్తుంది. బుడాపెస్ట్ పరిశోధకులు 2003లో ఈ సంగతి బయటపెట్టారు. తెరుచుకోని పెట్టె ముందు తోడేలు పట్టు వదలదు, కుక్క కాసేపటికి తల తిప్పి మనిషి మొహంలోకి చూస్తుంది. ఇన్ని వేల ఏళ్ళ సావాసం దానికి నేర్పిన పద్ధతి అది. అందుకే మొదటి రోజే కష్టమైన పజిల్ ముందు పెట్టి, కుక్కకు తెలివి లేదని తేల్చేయడం అన్యాయం. మొదట మూతలు తీసేసి, గింజలు పైకి కనిపించేలా పెట్టాలి. రెండు మూడు రోజులకు ఒక్కో మూత వేసుకుంటూ పోవాలి.

లోపల ఏం పెట్టాలి, ఎంత

మామూలుగా ఇంట్లో పెరిగే, సంతాన నిరోధక శస్త్రచికిత్స అయిన 30 కిలోల కుక్కకు రోజుకు సుమారు 1,400 కిలో క్యాలరీలు కావాలి. ఇందులో చిరుతిళ్ళ వాటా పదో వంతు దాటకూడదని పశువైద్యుల సాధారణ సూత్రం. అంటే 140. ఒక పెద్ద చెంచా పీనట్ బటర్‌లోనే 95 దాకా ఉంటాయి. 5 కిలోల పామరేనియన్‌కైతే రోజు మొత్తానికి 375 చాలు, చిరుతిండి వాటా 37. ఆ పెద్ద చెంచాలో సగంతోనే అది దాటిపోతుంది. కాబట్టి ఉదయమే రోజు తిండిని తూచి, అందులోంచే బొమ్మలు నింపాలి. గిన్నెలో పెట్టేది అంత మేర తగ్గాలి.

లాబ్రడార్ పెంచేవాళ్ళు ఈ లెక్క మరింత గట్టిగా పాటించాలి. ఆ జాతిలో సుమారు నాలుగో వంతు కుక్కలకు పీఓఎంసీ అనే జన్యువులో ఒక లోపం ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు కనుగొన్నారు. అలాంటి కుక్క కడుపు నిండినా తిండి కోసం తిరుగుతూనే ఉంటుంది. అది పెట్టే దీనమైన మొహానికి కరిగిపోతే ఒళ్ళు పెరగడమే మిగులుతుంది. బొమ్మ నింపడానికి వాడే తిండిలో కొత్త పదార్థం చేర్చకుండా, ఉన్న తిండినే నీళ్ళలో నానబెట్టి కూరి ఫ్రీజర్‌లో పెడితే కుక్కకు పని పెరుగుతుంది, క్యాలరీలు పెరగవు.

కొన్ని పదార్థాలు ఎంత కొంచెమైనా పనికిరావు. చక్కెర లేదని అమ్మే కొన్ని పీనట్ బటర్లలో జైలిటాల్ ఉంటుంది. అది కుక్క ఒంట్లో ఇన్సులిన్‌ను ఒక్కసారిగా పెంచి రక్తంలో చక్కెరను పడేస్తుంది, కాలేయాన్నీ దెబ్బతీస్తుంది. సీసా మీద రాసింది చదవకుండా కొనకూడదు. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాలను పాడుచేస్తాయి. చాక్లెట్‌లోని థియోబ్రొమిన్ గుండెకు చేటు. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. దానికి టార్టారిక్ ఆమ్లం కారణమై ఉండవచ్చని 2021లో అమెరికా పశువైద్యులు ప్రతిపాదించారు. చింతపండులోనూ అదే ఆమ్లం దండిగా ఉంటుంది. పులిహోర, పులుసన్నం బొమ్మలో పెట్టకపోవడం మంచిది.

ప్రమాదాలు

ఒకే రంధ్రం ఉన్న బంతిలో కుక్క నాలుక పెట్టి నాకితే లోపలి గాలి పోయి నాలుక బిగుసుకుపోవచ్చు. 2008లో అమెరికాలో ఒక కుక్కకు ఇలాగే జరిగి నాలుకే తీసేయాల్సి వచ్చింది, ఆ బంతిని మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. కాంగ్ కొసన ఉండే సన్నటి రంధ్రం గాలి కోసమే. ఏ బొమ్మ కొన్నా రెండో రంధ్రం ఉందో లేదో చూడాలి.

గట్టిదనానికి గోటి పరీక్ష చాలు. బొటనవేలి గోరుతో నొక్కితే కొంచెమైనా దిగని వస్తువు పంటిని విరగ్గొట్టగలదు. ఎక్కువగా విరిగేది పై దవడలో వెనకవైపు ఉండే పెద్ద పన్ను. బొమ్మ కొలత కుక్క నోట్లో పూర్తిగా పట్టనంత ఉండాలి. ముక్కలు ఊడటం మొదలైతే పారేయాల్సిందే, పేగుల్లో ఇరుక్కున్న రబ్బరు ముక్క ఆపరేషన్ దాకా తెస్తుంది.

రెండు కుక్కలున్న ఇంట్లో తలొక గదిలో ఇవ్వాలి. తిండి దగ్గర గుర్రుమనే కుక్క నోట్లోంచి బొమ్మ లాక్కోకూడదు. ఇంకా మంచి ముక్క దూరంగా వేసి, అటు వెళ్ళాక తీసుకోవాలి. ఇంట్లో ఎవరూ లేకపోతే తల్లడిల్లే కుక్కకు బొమ్మ మందు కాదు. అలాంటిది భయంలో తిండే ముట్టదు. సాయంత్రం వచ్చేసరికి నింపిన బొమ్మ నింపినట్టే ఉంటే, అది పశువైద్యుడికి చెప్పవలసిన లక్షణం.

మన ఇళ్ళలో

ఫ్లాటులో టైల్స్ మీద గట్టి ప్లాస్టిక్ డబ్బా దొర్లితే కింది అంతస్తువాళ్ళు తలుపు తడతారు. పాత దుప్పటి పరిచి ఇస్తే గోల తగ్గుతుంది. వాడిన బొమ్మను గంటసేపు మూల వదిలేస్తే చీమలు బారులు తీరతాయి, ఆ చీమలతో సహా కుక్క నాకితే మూతి వాస్తుంది. తినడం అయిన వెంటనే వేడినీళ్ళతో, పాలసీసా బ్రష్షుతో లోపలంతా తోమి ఎండబెట్టాలి. వానాకాలంలో వాసన చాప సరిగా ఆరకపోతే బూజు పడుతుంది.

తాలింపు, ఉప్పు లేని పెరుగన్నం, ఉడికించిన గుమ్మడి, క్యారెట్, ఎముక తీసిన కోడిమాంసం బొమ్మ నింపడానికి బాగుంటాయి. పెరుగు పడని కుక్కలూ ఉంటాయి, కొంచెంతో మొదలుపెట్టి చూడాలి. ఏప్రిల్, మే ఎండల్లో వీటినే గడ్డకట్టించి ఇస్తే మధ్యాహ్నం చల్లగా గడుస్తుంది. డబ్బు పెట్టి కొనాల్సిన అవసరమూ అంతగా లేదు. ఇంట్లో మూలపడ్డ గుంతపొంగణాల పెనం తీసి, గుంతల్లో గింజలు వేసి, ఒక్కో గుంట మీదా టెన్నిస్ బంతి పెడితే స్వీడన్ పజిల్‌కు తీసిపోదు. ఇనుప పెనమైతే బరువుకు కదలదు. పాత తువ్వాలులో గింజలు చల్లి చాపలా చుట్టి ఇవ్వవచ్చు, అట్టపెట్టెలో నలిపిన కాగితాల మధ్య దాచవచ్చు. కుక్క బంతినీ కాగితాన్నీ మింగకుండా పక్కన ఉండి చూసుకుంటే చాలు. ఇవేవీ పొద్దున, సాయంత్రం కుక్కను బయట తిప్పడానికి బదులు కావు.

రోజూ ఇష్టంగా ఆడే కుక్క ఒక్కసారిగా బొమ్మ వదిలేసి గిన్నె కోసం చూస్తుంటే విసుగొచ్చిందనుకోకుండా ముందు నోరు తెరిచి చూడండి. విరిగిన పన్ను, వాచిన చిగురు చాలాసార్లు బయటపడేది అలాగే.